గోడ అవతలికి వినిపించని రంపం ఏది?

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో ఉంటాం. వడ్రంగం పని మీద ఇష్టంతో చిన్న స్టూలు, పుస్తకాల అర చేశాను. మా ఇంటి ఇంటీరియర్ పని చేసిన మేస్త్రీ దగ్గర చూసి మార్బుల్ కట్టర్ కొని, దానికి చెక్క కోసే బ్లేడు వేసి వాడుతున్నాను. హాలు గోడ అవతల ఉండే ఆంటీ మొన్న తలుపు కొట్టి, "అమ్మాయికి ఇంటర్ పరీక్షలమ్మా, ఆ చప్పుడుకి పుస్తకం మూసేసి కూర్చుంటోంది" అన్నారు. ఆవిడ కోపంగా కూడా అనలేదు, అందుకే ఇంకా బాధగా ఉంది. నాకు వీలయ్యేది ఆఫీసు అయ్యాక రాత్రి ఎనిమిదింటికి, లేకపోతే శని, ఆదివారాలు. చప్పుడు తక్కువ చేసే రంపం ఏది? బ్యాటరీ సర్క్యులర్ సా, జిగ్‌సా, బ్యాండ్‌సా, జపాన్ రంపం అని తలా ఒకటి చెబుతున్నారు. 15,000 రూపాయల దాకా పెట్టగలను. ఇప్పుడు చేయాలనుకుంటున్నది మా పాపకు చదువుకునే బల్ల. పైన 18 ఎంఎం ప్లైవుడ్, కాళ్లకు టేకు.

సమాధానం: సూటిగా చెప్పేస్తాను. చేతి రంపం కొనుక్కోండి. ప్లైవుడ్‌లో పొడవాటి కోతలు మాత్రం బయట కోయించి ఇంటికి తెచ్చుకోండి. చప్పుడు చేయని కరెంటు రంపం కోసం వెతుకుతూ డబ్బు పోగొట్టుకోవద్దు. గోడ అవతల చదువుకునే పిల్లకు వినిపించకుండా ప్లైవుడ్ షీటు కోసే మెషీన్ 15,000కే కాదు, అంతకు నాలుగింతలు పెట్టినా దొరకదు.

అన్నిటికంటే ముందు, మార్బుల్ కట్టర్‌కు వేసిన చెక్క బ్లేడు ఈ రోజే విప్పేయండి. ఇది చప్పుడు సంగతి కాదు, మీ చేతుల సంగతి. రాయి కోయడానికి చేసిన ఆ మెషీన్ నిమిషానికి 12,000, 13,000 రౌండ్లు తిరుగుతుంది. చెక్క కోసే సర్క్యులర్ సా తిరిగేది 5,000 చిల్లర. సర్క్యులర్ సాకు కింద స్ప్రింగుతో కదిలే మూత ఉంటుంది. కోత పూర్తికాగానే అది దానంతటదే బ్లేడును కప్పేస్తుంది. మార్బుల్ కట్టర్‌కు అలాంటిది ఉండదు. పళ్ల బ్లేడు చెక్కలో ఇరుక్కుందంటే మెషీన్ ఒక్క ఉదుటున వెనక్కి ఎగురుతుంది. అప్పుడు మీ వైపు వచ్చేది కప్పులేని, ఇంకా తిరుగుతున్న బ్లేడు. ఇంటీరియర్ పనివాళ్లు చాలామంది దానితోనే నెట్టుకొస్తున్న మాట నిజమే. గట్టిగా అడిగితే వేళ్ల మీద కుట్ల గుర్తులు చూపించేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. మేస్త్రీ వాడాడు కదా అని పాప తిరిగే ఇంట్లో దాన్ని వాడకండి.

ఇక చప్పుడు సంగతి. సర్క్యులర్ సా ఆన్ చేస్తే ఒక్క చప్పుడు రాదు, కొన్ని కలిసి వస్తాయి. మోటారు, దాన్ని చల్లబరిచే ఫ్యాను, గేర్లు ఒక వైపు. పళ్లు గాలిని కోస్తూ వేసే ఈల ఇంకో వైపు. పళ్లు చెక్కకు తగలడం మొదలయ్యాక వచ్చేది అసలు మోత. 24 పళ్ల బ్లేడు నిమిషానికి 5,000 రౌండ్లు తిరుగుతుంటే సెకనుకు 2,000 సార్లు చెక్కకు పన్ను తగులుతుంది. మన చెవికి బాగా తెలిసేవి సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య శబ్దాలు. అంటే ఆ రంపం సరిగ్గా చెవి ఎక్కడ సున్నితంగా ఉంటుందో అక్కడే మోగుతుంది. మీ కట్టర్‌కు 30 పళ్ల బ్లేడు ఉంటే సెకనుకు 6,000 దెబ్బలు. అది మోతలా కాకుండా కీచుమని గుచ్చుకునేది ఇందుకే. దీనికి తోడు పలచటి ప్లైవుడ్ షీటు డప్పు తోలులా కంపించి చప్పుడును గదంతా పరుస్తుంది.

మీకూ ఆంటీకీ మధ్య ఉన్నది చాలా అపార్ట్‌మెంట్లలో ఉండే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ అనుకుందాం. రెండు వైపులా మంచి ప్లాస్టరింగ్ ఉంటే, గాలిలో వెళ్లే చప్పుడును అది సుమారు 40 డెసిబెళ్లు తగ్గిస్తుంది. సర్క్యులర్ సా మీ చెవి దగ్గర 100 డెసిబెళ్ల చుట్టుపక్కల ఉంటుంది. గోడ దాటాక 60 మిగులుతుంది. అంటే ఎవరో ఆ హాల్లో కూర్చుని ఆగకుండా మాట్లాడుతున్నంత. చేతి రంపం మీ చెవి దగ్గర 70, 75 ఉంటుంది. గోడ దాటేసరికి 35కి దిగి, సీలింగ్ ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. ఇది గోరంత తేడాలు పట్టించుకోని మోటు లెక్క. అయినా ఏ మెషీన్ ఏ వైపు పడుతుందో చెప్పడానికి చాలు. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతానికి పెట్టిన పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. ఆ 60ని వీటి పక్కన పెట్టి చూస్తే ఆంటీ మాటలో అతిశయోక్తి లేదని మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మీకు చెప్పిన మెషీన్ల విషయం.

బ్యాటరీ సర్క్యులర్ సాను "సైలెంట్" అని అమ్ముతారు. బ్రష్‌లెస్ (లోపల రాసుకునే కార్బన్ బ్రష్‌లు లేని) మోటారు అయితే మోటారు కీచు తగ్గే మాట నిజం. కానీ బ్లేడు అదే, చెక్క అదే, వాటి నుంచి వచ్చే చప్పుడూ అదే. కొనేటప్పుడు మాన్యువల్‌లో డెసిబెళ్లు చూస్తే రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి వాడే మనిషి చెవి దగ్గర ఉండే ఒత్తిడి, రెండోది మెషీన్ మొత్తం మీద వెదజల్లే శక్తి. రెండో అంకె చాలా పవర్ టూల్స్‌లో మొదటిదానికంటే 11 దాకా ఎక్కువ ఉంటుంది. ఒక కంపెనీ మొదటి అంకెను, ఇంకో కంపెనీ రెండో అంకెను పెట్టి పోల్చితే మోసపోతాం. ఒకే రకం అంకెను పక్కపక్కన పెట్టి చూడండి. మూడు డెసిబెళ్లు తగ్గితే శబ్ద శక్తి సగమైందని లెక్క, కానీ మన చెవికి సగమైనట్టు అనిపించాలంటే 10 తగ్గాలి. ప్రకటనల్లో గొప్పగా చెప్పే రెండు మూడు డెసిబెళ్ల తేడా గోడ అవతల ఎవరికీ తెలియదు.

జిగ్‌సా కొంచెం నయం, 85, 90 మధ్య. కానీ దాని బ్లేడు పైకీ కిందికీ కొట్టుకుంటూ చెక్కను అదురుస్తుంది. ఆ అదురు మీరు పని చేసే బల్లలోకి, దాని కాళ్లలోంచి నేలలోకి దిగుతుంది. పైగా తిన్నగా కోయదు. వంపు కోతలకు తప్ప దాన్ని తలచుకోవద్దు.

బ్యాండ్‌సాకు మాత్రం ఇంటి వడ్రంగంలో నిజమైన చోటుంది. అందులో ఎక్కువగా ఉండేది ఇండక్షన్ మోటారు. మిక్సీలో ఉండే గోల మోటారు కాదు, ఇంట్లో నీళ్ల పంపుకు ఉండే రకం. బ్యాండ్‌సాలో అది నిమిషానికి సుమారు 1,400 రౌండ్లు తిరుగుతుంది. పెద్ద గుండ్రటి బ్లేడు లేదు కాబట్టి ఈల లేదు. సన్నటి పట్టీ ఒకే దిశలో కిందికి దిగుతూ చెక్కను బల్లకేసి అదుముతుంది, కాబట్టి చెక్క ఎగిరిపడదు, పెద్దగా అదరదు. మంచి బ్లేడు సరిగ్గా బిగిస్తే 75, 80 దగ్గర పని చేస్తుంది. లావాటి టేకు చెక్కను నిలువునా చీల్చాలంటే చేతికి ఇంతకంటే గొప్ప సాయం లేదు. అయితే మీ బడ్జెట్‌లో కొనదగ్గ బ్యాండ్‌సా రావడం కష్టం. చవకరకం తెస్తే చక్రాలు ఊగి, బ్లేడు పక్కకు జారి, మీ ఓపికే కోసుకుపోతుంది. 8 అడుగుల షీటు దాని మీదికి ఎక్కదు కూడా. ఇంకో ఏడాది ఇదే ఇష్టం నిలిస్తే అప్పుడు ఆలోచించండి. ఇప్పుడు వద్దు.

చేతి రంపం అనగానే చాలామందికి గుర్తొచ్చేది చెమట. మన హార్డ్‌వేర్ షాపుల్లో ఎక్కువగా దొరికే తోపుడు రంపం రేకు మందంగా ఉంటుంది. ముందుకు తోసేటప్పుడు వంగిపోకూడదు కాబట్టి ఆ మందం తప్పదు. లాగినప్పుడు కోసే రంపానికి ఆ ఇబ్బంది లేదు. లాగితే రేకు తనంతట తనే బిగుసుకుని తిన్నగా నిలుస్తుంది. అందుకే జపాన్ రంపాల రేకు అర మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది. కోత సన్నం, తీసేసే చెక్క తక్కువ, శ్రమ తక్కువ, చప్పుడూ తక్కువ. వాటిలో మీకు కావాల్సింది ర్యోబా. ఒక అంచున నారకు అడ్డంగా కోసే పళ్లు, రెండో అంచున నార వెంట చీల్చే పళ్లు. 240 ఎంఎం బ్లేడుది తీసుకోండి. వీపున ఇనుప బద్ద ఉండే డోజుకి అనే సన్న రంపం అతుకులకు బాగుంటుంది, కానీ అది తర్వాతి కొనుగోలు.

ఒక్క జాగ్రత్త. ఆ రంపాలు పుట్టిన దేశంలో కోసేది ఎక్కువగా మెత్తటి కలప. మన టేకులో సిలికా ఉంటుంది, పదును తొందరగా చస్తుంది. నల్లమద్ది లాంటి గట్టి కలపలో సన్నటి పళ్లు విరిగే ప్రమాదం కూడా ఉంది. గట్టి కలపకు పనికొస్తుందని రాసి ఉన్న బ్లేడు చూసి తీసుకోండి. బ్లేడు విడిగా మార్చుకునే రకమే కొనండి. వీటి పళ్లు కొనలు మాత్రమే గట్టిపరిచి నల్లగా కనిపిస్తాయి, ఆకురాయి పెట్టి పదును చేయడం కుదరదు. పదును పోతే కొత్త బ్లేడే. దీనికి తోడు అంగుళానికి 8 నుంచి 10 పళ్లుండే మంచి తోపుడు రంపం ఒకటి ఉంచుకుంటే, రెండంగుళాల టేకును చీల్చాల్సి వచ్చినప్పుడు ర్యోబా పళ్లు పాడవవు. పళ్లు గట్టిపరచని రకం దొరికితే, ఆకురాయితో దాన్ని ఎన్నేళ్లయినా బతికించుకోవచ్చు.

టేకు కాలు కోయడం ఎలా ఉంటుందో చెబుతాను, మీరు భయపడుతున్నంత పని కాదని తెలుస్తుంది. రెండంగుళాల కాలుకు నాలుగు వైపులా మూలమట్టం పెట్టి, పెన్సిలుతో కాకుండా పదునైన చాకుతో గీత గీయండి. ఆ గీతే రంపానికి దారి. చెక్కను క్లాంప్‌తో గట్టిగా బిగించండి. గీతకు రెండు మూడు అంగుళాల దగ్గర్లోనే బిగించాలి. దూరంగా బిగిస్తే కొస ఊగి, రంపం కీచుమని అరుస్తుంది. చేతి రంపం వల్ల పక్కింటివాళ్లకు ఇబ్బంది కలిగేది దాదాపు ఎప్పుడూ ఈ ఊగే కొస వల్లే. అవతలి మూల దగ్గర బొటనవేలి గోరుకు రేకు ఆనించి, బరువు వేయకుండా మూడు నాలుగు చిన్న లాగుళ్లు. గాడి పడ్డాక పిడి చివర పట్టుకుని బ్లేడు పొడవంతా వాడుతూ తీరిగ్గా లాగండి. నొక్కకండి. ముందుకు పోయేటప్పుడు చెయ్యి వదులుగా ఉండాలి. మూడో వంతు తెగాక చెక్కను మీ వైపు తిప్పి రెండో ముఖం మీద గీత వెంట కోయండి, తర్వాత మూడోది. ఆ తిప్పడంలోనే కోత తిన్నగా వస్తుంది. సర్... సర్... అన్న చప్పుడు, కింద సన్నటి పొట్టు, టేకు నూనె వాసన. రేకు పట్టినట్టు అనిపిస్తే రెండు వైపులా కొవ్వొత్తి రుద్దండి, ఇరుకుతో పాటు కీచు కూడా పోతుంది. చేయి అలవాటయ్యాక ఒక్కో కాలు రెండు మూడు నిమిషాల పని. రాత్రి ఎనిమిదిన్నరకు ఈ పని నిర్భయంగా చేసుకోవచ్చు.

ప్లైవుడ్ సంగతి వేరు. చేతి రంపంతో 18 ఎంఎం ప్లైని అడుగు, రెండడుగులు కోయడం బాగానే ఉంటుంది. 8 అడుగులు కోయడం శిక్ష, అందులోని జిగురు పళ్లను కూడా తినేస్తుంది. బల్ల పైభాగం దుకాణంలోనే కోయించండి. ప్లైవుడ్ అమ్మే చోట కొందరు కోసిస్తారు, కానీ అక్కడ కూడా మార్బుల్ కట్టరే ఉంటే అంచులు చీరుకుపోతాయి. మాడ్యులర్ కిచెన్లు చేసే వర్క్‌షాపుల్లో ప్యానెల్ సా, అంటే పెద్ద షీట్లు తిన్నగా కోసే మెషీన్ ఉంటుంది. షీటు కింద చిన్న బ్లేడు ముందుగా గీత పెడుతూ వెళ్లే రకం అయితే సన్‌మైకా కూడా చిట్లదు. అంచులకు పట్టీ అతికించే మెషీన్ కూడా చాలాచోట్ల అక్కడే ఉంటుంది. మీ ముక్కలు చిన్నవని మొహమాటపడకండి, కోతకు ఇంత అని తీసుకుని చేసిపెడతారు. వెళ్లేటప్పుడు కాగితం మీద ప్రతి ముక్క పొడవు, వెడల్పు, నార ఏ వైపు ఉండాలో బాణం గుర్తుతో రాసుకుని వెళ్లండి. బ్లేడు మందం కింద ప్రతి కోతకు 3 మిల్లీమీటర్లు పోతుందని లెక్కలో పెట్టుకోండి. కోతల లెక్క నోటితో చెబితే తప్పు ముక్కే ఇంటికొస్తుంది.

టేకు కూడా అంతే. కలప అడితిలో ఘనపుటడుగుల లెక్కన కొంటున్నప్పుడే రెండంగుళాల చదరం కాళ్లుగా చీల్పించి, చిత్రిక పట్టించి తెచ్చుకోండి. నిలువు చీల్పులు వాళ్ల పని, అడ్డకోతలూ అతుకులూ మీ పని. చప్పుడు, బరువు, ప్రమాదం మూడూ బయటే ఆగిపోతాయి. పనిలో మీకు ఇష్టమైన భాగం ఇంట్లోనే ఉంటుంది. ఇలా చేస్తే సొంతంగా చేసినట్టు కాదేమో అనే ఆలోచన పెట్టుకోకండి. దుంగను చీల్చే పని మన పెద్ద వడ్రంగులు కూడా కోతవాళ్లకు, సామిల్లుకు వదిలేసినదే.

రంపం మారిస్తే సగం పనే అయినట్టు. గోడ తగ్గించే ఆ 40 డెసిబెళ్లు గాలిలో వెళ్లే చప్పుడుకే. మీరు పని చేసే బల్ల గోడకు ఆనుకుని ఉంటే అదురు సరాసరి ఇటుకల్లోకి వెళ్లి, అవతలి గోడే మోగుతుంది. దీన్ని నమ్మాలంటే ఒకసారి ఆంటీ వాళ్ల హాల్లో నిలబడి వినండి. ఇక్కడ మీవారిని బల్ల గోడకు ఆనించి కోయమనండి, తర్వాత జానెడు ముందుకు జరిపి కోయమనండి. మొదటిసారి రంపం చప్పుడు కంటే బల్ల కాలు దడదడే ఎక్కువగా వినిపిస్తుంది. రెండోసారి ఆ దడ పోతుంది. కొత్త టవర్లలో మాదిరి మొత్తం కాంక్రీటు పోసిన గోడలైతే ఈ అదురు ఇంకా దూరం, రెండు మూడు అంతస్తుల దాకా పాకుతుంది. ఈ పరీక్షకు ఆంటీ ఇంటికి వెళ్లడంలో ఇంకో లాభం ఉంది. మీరు ఊరికే సారీ చెప్పి వదిలేయలేదని ఆవిడకు కళ్లారా తెలుస్తుంది.

అందరూ మర్చిపోయేది కింది ఫ్లాట్‌వాళ్లను. పక్కింటికి గోడ అడ్డం, కింది ఇంటికి మీ నేలే పైకప్పు. జిమ్ములో పరిచే రబ్బరు మ్యాట్, 10, 12 ఎంఎం మందంది, బల్ల కాళ్ల కింద పెట్టండి. బల్ల ఎంత బరువుగా ఉంటే అంత మంచిది. కింది అరలో ఇటుకలు పేర్చినా సరే. బల్ల లేకపోతే ఇంకా మంచి దారి మన పాత వడ్రంగులదే. కింద మ్యాట్, దాని మీద దళసరి చెక్క, నేల మీద కూర్చుని పాదంతో అదిమిపట్టి లాగుతూ కోయడం. ఊగే బల్లే లేనప్పుడు దడ ఎక్కడి నుంచి వస్తుంది? లాగే రంపానికి ఆ కూర్చునే పద్ధతి బాగా కుదురుతుంది. మోకాళ్లు సహకరిస్తే తప్పక ప్రయత్నించండి. పాదం మాత్రం కోత గీతకు జానెడు దూరంలో ఉండాలి.

బాల్కనీలో చేసుకుంటే ఇంట్లో గోల ఉండదనుకుంటారు. ఇంట్లో ఉండకపోవచ్చు, బిల్డింగ్ మొత్తానికి ఉంటుంది. అక్కడ అడ్డం గోడే లేదు, పై అంతస్తు, కింది అంతస్తు, ఎదుటి బ్లాకు కిటికీలన్నిటికీ నేరుగా వెళ్తుంది. బాత్రూముల డక్ట్ పక్కనున్న యుటిలిటీ కూడా అంతే. ఉమ్మడి గోడ లేని లోపలి గది చూసుకోండి. పరుపు, కర్టెన్లు, బట్టల బీరువా ఉన్న బెడ్‌రూమ్ ఖాళీ హాలు కంటే చాలా నయం. గోడలో రెండు ఇళ్ల స్విచ్‌బోర్డులు వెన్నువెన్ను ఆనుకుని ఉంటే ఆ రంధ్రంలోంచి మాటలు కూడా వినిపిస్తాయి, అలాంటి చోటికి దూరంగా ఉండండి. టెర్రస్ మీద చేస్తానంటే ముందు అసోసియేషన్‌ను అడగండి.

ఉలి, కొయ్యసుత్తి పని రంపం కంటే పెద్ద చిక్కు. ఒక్కో దెబ్బ నేలలోంచి కిందికి దిగుతుంది. సుత్తి అక్కర్లేకుండా పదునైన ఉలితో పొరలు పొరలుగా చెక్కడం నేర్చుకోండి. గంటు వేయక తప్పనప్పుడు పగటి పూట పెట్టుకోండి.

తప్పనిసరిగా ఎప్పుడైనా సర్క్యులర్ సా వాడాల్సి వస్తే, అద్దెకో అరువుకో తెచ్చుకుని, శనివారం 11 గంటలకు పెట్టుకోండి. ఒక్కో ముక్క కోసుకుంటూ రోజంతా సాగదీయకుండా, గీతలన్నీ ముందే గీసుకుని ఒక్క విడతలో ముగించండి. షీటును స్టూళ్ల మీద వేలాడదీయకుండా నేల మీద రెండంగుళాల థర్మాకోల్ పరిచి, దాని మీద పూర్తిగా ఆనించి కోస్తే షీటు కంపించదు. బ్లేడును థర్మాకోల్‌లోకి కొద్దిగా దిగేలా పెట్టుకుంటే చాలు. బ్లేడు పదునుగా, పలచగా ఉండాలి. దాని మీద లేజర్‌తో కోసిన వంకర చీలికలు కనిపిస్తే మంచిది, అవి బ్లేడు గంటలా మోగకుండా ఆపుతాయి. 100 డెసిబెళ్ల దగ్గర చెవికి రక్షణ లేకుండా రోజుకు 15 నిమిషాలకు మించి ఉండకూడదని అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ చెబుతుంది. మీరు ఇయర్‌మఫ్‌లు పెట్టుకోండి, పాపను ఆ కాసేపు బయటికి పంపండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు పెద్దవాళ్లు కునుకు తీసే వేళ, దాన్ని వదిలేయండి. మార్చి వచ్చిందంటే ఇంటర్, టెన్త్ పిల్లలున్న ఏ బిల్డింగ్‌లోనైనా మెషీన్ పని మానుకోవడమే మర్యాద. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి ఊరుకోకుండా, ముందు రోజు తలుపు కొట్టి "ఆంటీ, రేపు పదకొండు నుంచి పదకొండున్నర దాకా కొంచెం చప్పుడు ఉంటుంది, మీ అమ్మాయికి ఇబ్బందైతే మార్చుకుంటాను" అని చెప్పండి. ఎప్పుడు ఆగుతుందో తెలిసిన చప్పుడుకు ఎవరికీ అంత టెన్షన్ ఉండదు.

కిటికీలు మూస్తే చప్పుడు తగ్గుతుంది, కానీ ధూళి లోపలే ఉండిపోతుంది. చెక్క ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందుండే క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది. మెషీన్ బ్లేడు చేసే పిండిలాంటి ధూళి గంటల తరబడి గాలిలో తేలుతుంది. చేతి రంపం పొట్టు చాలావరకు కిందే పడుతుంది, తడిగుడ్డతో ఎత్తేయొచ్చు. ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే షీటు) కోసినా, ఇసుక కాగితం రుద్దినా ఎన్95 మాస్కు తప్పనిసరి.

మీ 15,000లో ర్యోబా ఒకటి, తోపుడు రంపం ఒకటి, రెండు మంచి క్లాంపులు, మూలమట్టం, గీతకు చాకు, చిన్న చిత్రిక, రబ్బరు మ్యాట్ వస్తాయి. వర్క్‌షాపు కోత ఖర్చుకు కూడా మిగులుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పనిముట్ల దుకాణాలు వరసగా ఉంటాయి, క్లాంపులు, మూలమట్టం అక్కడ చేత్తో పట్టి చూసి తీసుకోండి. మూలమట్టం తిన్నగా ఉందో లేదో షాపులోనే ఒక గీత గీసి, తిప్పి పెట్టి ఇంకో గీత గీసి చూసుకోండి, రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి. ర్యోబా మాత్రం ఆన్‌లైన్‌లోనే సులువుగా దొరుకుతుంది. ఆర్డరు పెట్టేటప్పుడే విడి బ్లేడు ఒకటి కలిపి తెప్పించుకోండి. అసలు కాళ్ల మీద చెయ్యి పెట్టేముందు టేకు తునకల మీద పది పన్నెండు అడ్డకోతలు కోసి చూడండి. గీత పక్కకు పోతుంటే మణికట్టు తిరుగుతున్నట్టు లెక్క. రంపం, మోచెయ్యి, భుజం ఒకే వరసలో ఉండేలా నిలబడితే సర్దుకుంటుంది.